చల్లగా ఉందా అన్నయ్యా

చేతి తొడుగు వేలిలో నీళ్ళు పోసి, ముడేసి, గడ్డ కట్టించిన ఐసు ముక్క మత్తు డాక్టరమ్మ గుప్పిట్లో కరుగుతోంది. పరీక్ష అయిపోయింది, దాన్ని తీసుకెళ్ళి ట్రేలో పడేయొచ్చు, కాని ట్రే తలుపు దగ్గరుంది, తలుపుకి అద్దం ఉంది, అద్దం అవతల ఇనప కుర్చీలో వదిన కూర్చునుంది, అటు వెళ్తే వదిన తలెత్తి చూస్తుంది, చూస్తే ఏం చెప్పాలి. అందుకని ఆమె మంచం పక్కనే నిలబడిపోయింది. మంచం మీద అన్నయ్య. కుడివైపు రెండు పక్కటెముకల నడుమ కోసి, తెరిచి, చూసి, మళ్ళీ కుట్టేసిన ఛాతీ. ఊపిరితిత్తిలో కింది భాగం తీసేస్తానని పొద్దున చేతులు కడుక్కుని వెళ్ళిన సర్జన్ గారు, తెరిచాక లోపలి పొర నిండా ఆవాలు చల్లినట్టున్న గడ్డలు చూసి, పరీక్షకని చిన్న తునక మాత్రం తీసుకుని చేతులు వెనక్కి లాక్కున్నాడు. "ఇక తీసి లాభం లేదమ్మా. మీరు డాక్టరు కాబట్టి చెప్పేస్తున్నాను, ఇంట్లోవాళ్ళకి మీరే మెల్లగా చెప్పండి" అన్నాడు, ఆమె ఆ ఇంట్లోది కానట్టు. ఆయన్ననడానికేం లేదు. మాస్కులూ టోపీలూ పెట్టుకున్నాక ఎవరు ఎవరి చెల్లెలో ఎవరికి గుర్తుంటుంది. కాసేపు ఆమెకే గుర్తులేదు. సరే సార్ అంది, కుట్లు పడేదాకా ఆగింది, అన్నయ్యని పక్కకి తిప్పించి వీపు మీద తన పని తాను చేసుకుంది.

ఆ పని కోసం ఆమె పోట్లాడింది. సొంతవాళ్ళ మీద సూది పట్టకూడదని మత్తు విభాగం పెద్ద డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పాడు, చెయ్యి వణక్కపోయినా బుద్ధి వణుకుతుందన్నాడు. అయితే నిద్రపుచ్చడం మీరు చూసుకోండి, లేచాక నొప్పి తెలియకుండా చేసే బ్లాకు మాత్రం నాకొదిలెయ్యండి అంది. ఉత్తి మొండితనం కాదు, వెన్ను పక్కన నరాలు బయల్దేరే చోట మందు పెట్టడంలో ఈ ఆస్పత్రిలో ఆమె చేతికి పేరుంది. ఛాతీ కోయించుకున్నవాడికి నొప్పి తగ్గించడం ముద్దు చెయ్యడం కోసం కాదు. నొప్పుంటే లోతుగా ఊపిరి తియ్యడు, దగ్గడు. దగ్గకపోతే కఫం లోపలే పేరుకుంటుంది, ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది, నిమ్ము చేరుతుంది, కత్తిని తట్టుకున్న మనిషి కఫానికి పోతాడు. పోనీ గట్టి మందేదైనా రక్తంలోకి ఎక్కిద్దామంటే నొప్పితో పాటు ఊపిరీ మందగిస్తుంది. అందుకని మనిషిని మెలకువగా ఉంచి ఆ ఒక్క వైపు నరాల్నే నిద్రపుచ్చాలి. నిద్రపోయాయో లేదో చెప్పేది ఐసు ముక్క. చలీ నొప్పీ ఒకే దారిన నడిచే తోబుట్టువులు, ఒకరు రాని చోటికి రెండోవారూ రారు. అన్నయ్య కళ్ళు తెరవగానే కుడి చంక కింద పెట్టి, "చల్లగా ఉందా అన్నయ్యా" అని అడిగింది. "లేదు పిట్టా" అన్నాడు. రొమ్ము కింద పెట్టింది. "లేదు." కట్టు పక్కన, డొక్క మీద, అడిగిన ప్రతిచోటా లేదు, లేదు, లేదు. ఇవాళ జరిగినవాటిలో ఇదొక్కటే అనుకున్నట్టు జరిగిందనుకుంది. ఏడుపొచ్చేంత సంతోషం వేసింది, ఆ సంతోషం వెనకే ఏడుపూ వచ్చింది, రెండిట్నీ కలిపి మింగేసింది.

పిట్ట. నలభై దాటిన పిట్ట, నెరిసిన జుట్టుకి రంగు వేసుకునే పిట్ట. చిన్నప్పుడు ఎవరు ఏం తింటున్నా నోరు తెరుచుకుని ఎదురుగా నిలబడేదట, అన్నయ్య పెట్టిన పేరు. రంగులంటే అన్నయ్యే. లారీలకీ వ్యాన్లకీ రంగు కొట్టే షెడ్డులో పన్నెండేళ్ళప్పుడు చేరినవాడు ముక్కుకి జేబురుమాలు కట్టుకుని కంప్రెసరు పిచికారీ పట్టుకున్నాడంటే ఇదిగో ఈ దగ్గు మొదలయ్యేదాకా దించలేదు. సాయంత్రాలు ఇంటికొస్తే కనురెప్పల మీద ఆ రోజు కొట్టిన రంగు ఉండేది, నీలం రెప్పలు, ఎర్ర రెప్పలు, ఒకసారి పసుపు రెప్పలతో వచ్చి అమ్మని జడిపించాడు. అప్పటికి నాన్న లేడు. షెడ్డు రంగు వాసనే ఆమెకి చదువు వాసన. ఆమె గదిలో అటూ ఇటూ నడుస్తూ పాఠం అప్పజెప్పేది, అన్నయ్య గోడకి చేరగిలబడి ఒళ్ళో లావుపాటి పుస్తకం పెట్టుకుని వినేవాడు. ఆ ఇంగ్లీషులో అతనికి బొమ్మలు తప్ప ఒక్క ముక్క తెలియదు. అయినా ప్రతి వాక్యం చివరా రైటు అనేవాడు, వెనక్కొస్తున్న లారీకి క్లీనరు చెప్పినట్టు, రైటు, రైటు. పక్కటెముక కింది గాడిలో పై నుంచి వరసగా ఏమేముంటాయో ఒకరోజు తిరగేసి చెప్పింది, రైటు అన్నాడు. అంత గట్టిగా రైటన్నాక ఇంక అనుమానం దేనికి, మర్నాడు పరీక్షలో అలాగే తిరగేసి చెప్పి తప్పి వచ్చింది. "తెలియనప్పుడు రైటని ఎందుకన్నావు" అని ఇంటికొచ్చి ఇల్లు పీకి పందిరేసింది. అన్నయ్య చాలాసేపు రెప్పల మీద రంగు గోక్కుంటూ కూర్చుని, "నువ్వు తప్పు చెప్తావని అనుకోలేదే" అన్నాడు. సిర, ధమని, నరం. ఆ తరవాత జన్మలో మర్చిపోలేదు. ఎవరి వీపు మీద సూది దించినా లోపల ఎక్కడో రైటు అని వినిపిస్తుంది.

"మీ అన్నయ్యగారు దగ్గట్లేదు మేడం" అంది నర్సు. "దగ్గమంటే నవ్వుతున్నారు." చూసింది. అన్నయ్య నవ్వుతూనే ఉన్నాడు, పెదాలతో. పైపెదవి మీద చెమట పట్టింది. కుడిచేతి వేళ్ళు దుప్పటి అంచుని నలుపుతున్నాయి. మిషను మీద గుండె గబగబా కొట్టుకుంటోంది, ఆక్సిజన్ అంకె ఇందాకటి కంటే దిగింది. ఛాతీలోంచి గొట్టం వచ్చి మంచం కింద సీసాలోకి దిగింది, ఊపిరి వదిలినప్పుడల్లా సీసాలో నీళ్ళు బుడగలెయ్యాలి, ఒకటీ అరా వేసి ఊరుకుంటున్నాయి, ఎవరో మొహమాటంగా గుటక వేస్తున్నట్టు. రక్తమేమైనా పోతోందా. ఒంట్లో నీళ్ళు తగ్గాయా. గాలి పట్టేసిందా. భయమా. దొంగని తప్ప ఊళ్ళో అందర్నీ అనుమానించినట్టు నొప్పి తప్ప అన్నిటినీ అనుమానించింది. ఇంకే రోగి అయినా ఆ చెమట చూసి, ఆ వేళ్ళు చూసి ఈపాటికి తేల్చేసేది. రోగులు చెప్పేది సగమే వినాలని, మిగతా సగం ఒంటిని అడగాలని తన దగ్గర నేర్చుకునేవాళ్ళకి రోజూ చెబుతుంది. అన్నయ్య దగ్గరికొచ్చేసరికి నోటి మాటే చాలనుకుంది. అన్నయ్య లేదన్నాడుగా.

అన్నయ్య ఎన్నిటికి లేదన్నాడు. ఆకలి లేదు పిట్టా, ఇది నువ్వు తినెయ్యి. చలి లేదు, దుప్పటి అటు లాక్కో. అలసట లేదు, ఇంకో పాఠం చెప్పు. అమ్మా అంతే. అమ్మ ఒకసారి ఆవిరికి చెయ్యి కాల్చుకుని, బొబ్బలెక్కిన చెయ్యి కొంగులో దాచి, ఎడంచేత్తో అన్నం పెట్టి, ఇదేమిటమ్మా ఎడంచెయ్యి అంటే తిమ్మిరెక్కిందిలే అంది. ఆ ఇంట్లో దెబ్బ తగిలినవాళ్ళే మిగతావాళ్ళని ఓదార్చేవాళ్ళు. పొద్దున వదిన, అన్నయ్యని లోపలికి తీసుకెళ్ళాక, ఫ్లాస్కు మూత తిప్పుతూ తిప్పుతూ అంది. "నాకు మాత్రం ఏం చెప్తాడు. ఎప్పట్నుంచో ఎడంవైపే తిరిగి పడుకుంటున్నాడు. ఇటు తిరగవేంటయ్యా అంటే, అటు ఫ్యాను గాలి బాగా వస్తుందంటాడు. నిజమేననుకున్నా. నేనూ అటే మార్చుకున్నా మంచం." అప్పుడు ఆమెకి నవ్వొచ్చింది కూడా. వదిన నవ్వలేదు. ఇప్పుడు ఆ మూతే తిప్పుతూ ఉంటుంది బయట. అంతా బాగా జరిగింది వదినా, అనాలి. లేకపోతే, సర్జన్ గారు వచ్చి మాట్లాడతారు వదినా. అది వద్దు, అలా అంటే వదిన వెంటనే పట్టేస్తుంది. అంతా బాగా జరిగింది. 'అంతా' దగ్గర గొంతు పైకి లేవకూడదు, 'జరిగింది' దగ్గర జారకూడదు. అన్నయ్య అడిగినా అదే. తెలిసి ఏం చేస్తాడు. కుట్లు మానేదాకా ఆగుదాం, నాలుగు ముద్దలు తినేదాకా ఆగుదాం, ఆ తరవాత మళ్ళీ దేనికోసమో ఆగుదాం. అంతా బాగా జరిగింది, అంతా బాగా జరిగింది, అని ఇంకా నోరు దాటని అబద్ధాన్ని పాఠంలా వల్లె వేస్తూ ఉంటే, రైటు అనేవాడు మాత్రం కళ్ళు మూసుకుని పడుకునున్నాడు.

మూసుకోలేదు, చూస్తున్నాడు. "ఏవే, ఇంకా ఇక్కడే ఉన్నావా. అన్నం తిన్నావా?" ఒక్కో మాటకీ మధ్య చిన్న చిన్న ఊపిరి, ఎంగిలిపడ్డట్టు. "తిన్నాను" అంది. పొద్దుట్నుంచి ఆమె పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆమె మాత్రం ఏ ఇంటి పిల్ల. "నీ మందు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ పెద్దాయనకి చెప్పు, మా అన్నయ్య చెప్పాడని" అన్నాడు. ఆమెకి కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి. ఆ నీళ్ళు కనపడకుండా తల వంచాలి, వంచినందుకు ఏదో ఒక పని చెయ్యాలి, చేతిలో ఐసు ముక్క ఇంకా ఉంది. చేతికందిన చోట పెట్టి, మాటకోసం మాటగా, "ఇక్కడ చల్లగా ఉందా" అంది.

"లేదు పిట్టా. అసలు లేదు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఐసు ముక్క అన్నయ్య ఎడమ భుజం కింద ఉంది. అటు కత్తి పడలేదు, సూది పడలేదు, చుక్క మందు పడలేదు. అక్కడ ఒళ్ళు జల్లుమనాలి. చర్మం మీద రోమాలు నిక్కబొడుచుకునే ఉన్నాయి, పాపం అవి అబద్ధం చెప్పడం నేర్చుకోలేదు. మందు లేని వైపు ముందు ఐసు పెట్టి, చల్లదనం అంటే ఇదీ అని రోగికి చూపించాకే అవతలి వైపు అడగాలి. మొదటి రోజు నేర్పే సంగతి అది. ఇన్నేళ్ళలో ఎవరికీ మానలేదు, అన్నయ్యకి మానేసింది. అన్నయ్యకి నేను చల్లదనం చూపించేదేమిటి అనుకుంది.

"అన్నయ్యా, ఇది ఎడంవైపు."

"ఊఁ."

"ఇటు నేను మందే పెట్టలేదు."

మంచం కింద సీసాలో ఒక బుడగ లేచి పగిలింది. అన్నయ్య కప్పుకేసి చూశాడు, కిటికీకేసి చూశాడు, చూడ్డానికి ఇంకేమీ మిగలక ఆమె మొహంలోకి చూశాడు. "ఏ వైపు ఏమనాలో ముందే చెప్పొద్దూ మరి" అన్నాడు.

"నొప్పుందా?"

"ఉందిలే, కొంచెం."

"అన్నయ్యా."

"ఊపిరి తీస్తే లోపల రంపం పెట్టి కోస్తున్నట్టుందే" అన్నాడు, ఏదో తప్పు చేసి పట్టుబడినవాడిలా. "లేచిన దగ్గర్నుంచీ ఉంది. నీ మందు పనిచెయ్యలేదంటే ఆ పెద్దాయన నిన్నేమంటాడోనని. అసలే నాకోసం పోట్లాడావట కదా."

కోపం వచ్చిందంటే అన్నయ్య మీదో తన మీదో తెలియని కోపం. నర్సుని పిలిచింది, అల్ట్రాసౌండ్ మిషను తెమ్మంది, పెద్ద డాక్టరుకి కబురు పెట్టింది. ఆయన వచ్చి వీపు చూసి, మందు ఎక్కడానికి ఆమె అక్కడ పెట్టిన వెంట్రుకలా సన్నటి గొట్టాన్ని పట్టి చూసి, ఆపరేషను బల్ల మీంచి మంచం మీదకి మార్చేటప్పుడు జారిపోయుంటుంది అన్నాడు. ఆమెని తప్పు పట్టలేదు. "మీరే వెయ్యండి, నేను మానిటర్ చూస్తాను. మొదటి మందు ఒంట్లోనే ఉంది, మోతాదు మించకుండా చూసుకుని ఇవ్వండి" అని తలవైపు నిలబడ్డాడు. అన్నయ్యని ఎడంవైపు తిప్పారు, అతనికి అలవాటైన వైపే, ఫ్యాను గాలి వచ్చే వైపు. వీపు మీద చల్లటి జెల్లీ రాసి మిషను కన్ను ఆనించింది. తెర మీద అంతా నలుపూ తెలుపూ, జీవితమంతా రంగుల్లో గడిపిన మనిషి లోపల ఒక్క రంగు లేదు. ఎముక తెల్లగా, ఎముక నీడ నల్లగా, కండ పొరలు పొరలుగా, అన్నిటికీ లోపల ఊపిరితో పాటు అటూ ఇటూ జారుతూ మెరిసే సన్నటి గీత. ఊపిరితిత్తి మీది పొర. ఆవాలు చల్లినట్టున్నవన్నీ ఆ గీత అవతలే. తను చెయ్యగలిగిందంతా ఆ గీతకి ఇవతల, వేలెడు మందంలో ఉంది. గీత అవతల తనకి తెలిసిన చదువంతా కలిపినా చెయ్యగలిగేది ఏమీ లేదు. ఏ లారీ రంగో, ఏ ఏటి రంగో. రంగే అయ్యుండనక్కర్లేదు, ఊరికే కూడా వస్తుంది ఈ రోగం, ఆ సంగతి ఆమెకి తెలుసు, తెలిసినా మనసు ఊరుకోదు. ఈ చెయ్యి ఇక్కడిదాకా రావడానికి అన్నయ్య ఎన్ని బళ్ళ రంగు పీల్చాడో ఆ చెయ్యి మర్చిపోతుందా. చెయ్యి వణకలేదు. "గుచ్చుతున్నాను, నొప్పి పుడితే చెప్పు." "చెప్తా." "పుడుతోందా?" "పుడుతోంది." "ఇప్పుడు?" "ఇప్పుడూ పుడుతోంది." పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య నోట అన్నిసార్లు ఆ మాట రావడం ఆమె వినలేదు. సిర, ధమని, నరం. మందు నల్లటి నీడలా పరుచుకుంది, మెరిసే గీత ఒత్తిడికి కొద్దిగా కిందికి వంగింది. అక్కడే, సరిగ్గా అక్కడే. రైటు అని ఆమె తనకి తానే చెప్పుకుంది.

మందు పట్టడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపూ అన్నయ్య చెయ్యి పట్టుకుని కూర్చుంది, గోళ్ళ మొదట్లో ఇంకా సన్నటి నీలం గీతలున్నాయి, ఏ సబ్బుకీ పోనివి. నాడి వేళ్ళ కింద మెల్లమెల్లగా నెమ్మదించింది. దుప్పటి అంచుని నలిపే వేళ్ళు దుప్పటిని మర్చిపోయాయి. కొత్త ఐసు ముక్క తెప్పించి ఈసారి ముందు ఎడంవైపు పెట్టింది. "ఇదీ చల్లదనం. చూశావుగా." "చూశా. జిల్లుమంటోంది." కుడివైపు మెడ ఎముక కింద పెట్టింది. "ఉంది." ఇంకా కిందికి. "ఉంది. తగ్గింది. ఉందో లేదో సరిగ్గా తెలియట్లేదు." చంక కింద. "లేదు." "నిజం?" "ఒట్టే." ముందు 'ఉంది' అన్నాడు కాబట్టి ఈ 'లేదు'ని ఆమె నమ్మింది.

ఛాతీకి దిండు హత్తుకుని దగ్గమంది. భయంభయంగా ఒకసారి దగ్గాడు, నొప్పి కోసం ఎదురుచూశాడు, అది రాలేదు. ఇంకోసారి దగ్గాడు, ఈసారి ఒంట్లోంచి వచ్చింది, లోపల పేరుకున్నదంతా కదిలి పైకొచ్చింది, నర్సు ట్రే పట్టింది, మంచం కింద సీసాలో బుడగలు గలగలా లేచాయి. ఆక్సిజన్ అంకె ఎక్కింది. అన్నయ్య వెనక్కి వాలి లోతుగా గాలి పీల్చుకుని, "ఓసి దీన్నిల్లు బంగారం గానూ, ఏమీ లేదే" అన్నాడు. నుదుటి మీద ముడతలు విప్పుకున్నాయి, దవడ కిందికి దిగింది, కళ్ళ చుట్టూ బిగుతు పోయింది. అప్పుడు ఆమెకి తెలిసింది, తను ఇన్నాళ్ళూ అన్నయ్య మొహం అనుకున్నది నొప్పి మొహం అని. ఈ మొహాన్ని చూసి ఏళ్ళయింది. దాన్నెప్పుడు పోగొట్టుకుందో కూడా ఆమెకి తెలియదు, రోగాలు పట్టుకోవడమే పనిగా బతికిన మనిషికి. పెద్ద డాక్టరు ఆమె భుజం తట్టి వెళ్ళిపోయాడు. నర్సు అవతలి మంచం దగ్గరికి వెళ్ళింది.

"నేను చెప్పేశా కదా. ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నాడు అన్నయ్య.

"ఏం చెప్పను?"

"తీసేశారా?"

వల్లె వేసిన మాట సిద్ధంగానే ఉంది. "అంతా..." అంది, గొంతు లేవలేదు, జారలేదు, అనుకున్నట్టే వచ్చింది. అన్నయ్య ఆమెకేసే చూస్తున్నాడు, నోటికేసి కాదు, ఐసు ముక్క మీద బిగుసుకున్న ఆమె వేళ్ళకేసి.

"నేను ఎడంవైపు కూడా లేదన్నాను చూడు" అన్నాడు. "నువ్వలా చెప్పకు."

ఆమె అతని వేళ్ళలో తన వేళ్ళు పెట్టింది. గదిలో మిషన్లు వాటి మానాన అవి కూస్తున్నాయి. చెప్పడానికి ఒక్క ఊపిరి కావాలి, ఆ ఊపిరి తియ్యడానికి ఆమెకే ఎక్కడో గుచ్చుకుంది, ఆ నొప్పికి ఆమె దగ్గర మందు లేదు.

"లేదన్నయ్యా. తియ్యలేదు. తెరిచి చూశారు, లోపల పొరంతా పాకేసింది. ఇంక తీసి లాభం లేదన్నారు."

అన్నయ్య గోడకి చేరగిలబడినట్టే తలగడకి చేరగిలబడి, ఒళ్ళో దిండుని లావుపాటి పుస్తకంలా రెండు చేతులా పట్టుకుని, తనకి తెలియని భాషలో ఆమె చెప్పిందంతా విన్నట్టు విన్నాడు.

"రైటు" అన్నాడు.

ఆమె అతని చేతి మీద తల ఆనించి ఏడ్చింది. అన్నయ్య ఏడవొద్దనలేదు, ఏం కాదులే అనలేదు, ఇద్దరి మధ్యా మొట్టమొదటిసారి ఎవరూ ఎవర్నీ ఓదార్చలేదు. కాసేపయ్యాక, "మీ వదిన బయటే ఉందా" అని అడిగాడు. ఉందంది. "లోపలికి పిలువు. ఇద్దరం కలిసి చెబుదాం" అన్నాడు. ఆమె లేచి కళ్ళు తుడుచుకుని, ఐసు కరిగిపోయిన తొడుగు వేలు పట్టుకుని తలుపు వైపు నడిచింది.

"పిట్టా" అని వెనక నుంచి పిలిచాడు. "ఇంకా దగ్గాలా?"

"దగ్గాలి అన్నయ్యా."

దిండు హత్తుకుని దగ్గాడు.